భిక్షపతి బిడ్డకు వాత

చేవెళ్ల అంగట్లో నన్ను చూసిన ప్రతివాళ్లూ అడిగే మాట ఒకటే. "కరుణమ్మా, ఆ భిక్షపతిగాడు నీ చేతుల మీదనే పుట్టిండు గద, అప్పుడే తెల్వలేదానే?"

ఏం తెలుస్తుంది, నా తలకాయ! పుట్టే పసికందు చేతిలో గొడ్డలి పట్టుకుని వస్తాడా? నేను మంత్రసానిని. చిన్న మంగళారం నుంచి చేవెళ్ల దాకా ఎన్ని ఇళ్లలో బొడ్డు కోశానో నాకే గుర్తు లేదు. పటేలు కొడుకూ అట్లే వచ్చాడు, వెట్టివాడి కొడుకూ అట్లే వచ్చాడు, భిక్షపతీ అట్లే వచ్చాడు. ఎర్రగా, ముడతలు పడి, ఆకలిమీద. కాన్పప్పుడు నా చేతికి ఏ అంటూ ఉండదు, పురుడు వెళ్లాక మాత్రం గడప తొక్కనివ్వరు. సరే, ఆ కోపం వేరే, ఆ ముచ్చట మరోసారి చూసుకుందాం.

ప్రార్థన ఇంట్లో నాకు కరుణమ్మ అని పేరు పెట్టారు గానీ, నా నోరు మిరపకాయ అని మా ఆయన అంటుండేవాడు. పాపం, ఆయన దేవుడి దగ్గర హాయిగా ఉన్నాడు. నాకు పిల్లలు లేరు. చిన్న మంగళారం వాడలో ఒక గుడిసె, రెండు మేకలు, అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెప్పడానికి కావలసినన్ని మాటలు. అదీ నా సంసారం.

భిక్షపతి మా వాడవాడే. వాడికి ముందు పుట్టిన ముగ్గురూ పోయారు. అందుకని వీణ్ణి చేటలో వేసి, ఇంటింటా బిచ్చమెత్తి తెచ్చుకున్నట్టు చేసి ఆ పేరు పెట్టారు. అట్లా చేస్తే చావు ఆ బిడ్డ జోలికి రాదని మావాళ్ల నమ్మకం. అయినా వాళ్లమ్మకు భయం తీరలేదు. దగ్గితే వాత, పాలు కక్కితే వాత, నిద్రలో ఉలిక్కిపడితే వాత. కొడవలి మొన ఎర్రగా కాల్చి పొట్టమీదో వీపుమీదో చురుకు పెట్టడం మా దగ్గర అన్ని రోగాలకూ మందు. పెట్టేది సాయమ్మ. ఆమె చెయ్యి మంచిదని దూరం ఊళ్ల నుంచి కూడా బండ్లు కట్టుకుని వచ్చేవాళ్లు. వద్దని నేను మొత్తుకుంటే, "కడుపు పండనిదానికి ఏం తెలుసే" అన్నారు.

వాళ్లమ్మ ప్రేమకొద్దీ పెట్టించింది. ఆమె కలరా గత్తరలో పోయాక వాళ్లయ్య కోపంకొద్దీ పెట్టించాడు. మేక తప్పిపోయిందని ఒకసారి, మాట వినలేదని ఒకసారి. కాలిన చర్మానికి ప్రేమేదో కోపమేదో ఎట్లా తెలుస్తుంది? వాడు పెద్దయ్యాడు. పెళ్లయింది, ఒక ఆడపిల్ల పుట్టింది, రెండో కాన్పులో పెళ్లాం పోయింది. వాడు ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు, కొట్లాడేవాడూ కాదు. నెమ్మదస్తుడు అనేవాళ్లు ఊళ్లో.

పందొమ్మిది వందల ముప్పై ఏడులో ఆ నెమ్మదస్తుడి సంగతి బయటపడింది. బిజాపూర్ సడకు మీద పోయే బండ్లవాళ్లు పొద్దుపోతే దారి పక్కనే పడుకునేవాళ్లు. వీడూ వెళ్లి వాళ్ల పక్కన పడుకునేవాడు. తెల్లారేసరికి వాళ్లలో ఒకడు లేచేవాడు కాదు. అట్లా నలుగురు పోయారు. మొయినాబాద్ దగ్గర ఒకాయన మెలకువగా ఉండబట్టి వీడు పట్టుబడ్డాడు. ఎందుకు చేశావురా అని పోలీసు అమీను అడిగితే, "నిద్రల మూల్గుతున్రు సాబ్, ఆ సప్పుడు నాకు పడది" అన్నాడట. చచ్చినవాళ్ల మొలసంచుల్లో పైసలు అట్లే ఉన్నాయి. వాడికి జన్మఖైదు పడింది. వాడు చేసింది చిన్నదని నేను అనను. ఆ నలుగురి ఇళ్లలో ఆడవాళ్లను తలచుకుంటే నాకిప్పటికీ ముద్ద దిగదు.

వాడి బిడ్డ విమలకు అప్పుడు అయిదేళ్లు. భిక్షపతి పెద్దయ్య కొడుకు పౌలు, వరసకు పిల్లకు పెదనాయన, దొంతన్‌పల్లికి తీసుకుపోయాడు. నేను అక్కడికి కాన్పుకు పోయినప్పుడు చూద్దును కదా, పిల్ల మేకల కొట్టంలో ఉంది. కాలికి తాడు, తాడు గుంజకు. నా కళ్లు మండిపోయాయి.

"ఏందిరా పౌలూ, పిల్లనా, పొట్టేలా?"

"ఎవల పానం తీస్తదో అని భయమైతుందక్కా. నాకూ చిన్నచిన్న పోరగాండ్లు ఉన్నరు."

"నీ భయం తగలబడ! పాలపండ్లన్న ఊడలే దీనికి."

తాడు విప్పి, పిల్లను చంకన వేసుకుని బయలుదేరాను. "నన్ను అడుగొద్దా?" అన్నాడు. "నీ మొకానికి అడుగుడొకటా!" అన్నాను. అతను అడ్డం రాలేదు. పైగా నెత్తిమీద బరువు దింపినట్టు హాయిగా గాలి పీల్చుకున్నాడు.

పిల్ల బాగా తినేది. జొన్నరొట్టె, పచ్చిపులుసు పెడితే ముంత నాకేసేది. ఆ తినడం చూస్తుంటే నాకు కడుపు నిండిపోయేది. కానీ ఏడ్చేది కాదు. తుమ్మముల్లు అరికాల్లో దిగితే కుంటుకుంటూ వచ్చి కాలు చూపించింది, అంతే. నేను సూదితో తీస్తున్నంతసేపూ గోడవైపు చూస్తూ కూర్చుంది.

ఒకరోజు శాంతయ్య ఇంటి దగ్గర గోల వినిపించింది. శాంతయ్య మా వాడ పెద్దమనిషి. ప్రార్థన ఇంటి తాళంచెవి ఆయన మొలతాడుకే ఉంటుంది. వెళ్లి చూస్తే ఆయన వాకిట్లో విమల కూర్చుని ఉంది, ఒళ్లో మూడు కోడిపిల్లలు చచ్చి పడి ఉన్నాయి. మెడలు నొక్కింది. చుట్టూ జనం.

"పులి కడుపుల పిల్లి పుడ్తదా?" అన్నాడు శాంతయ్య. అందరూ తలలూపారు.

కోడిపిల్లలకు బదులు నా మేకపాలు పోస్తానని చెప్పి పిల్లను ఇంటికి తెచ్చాను. కొడదామనే చెయ్యెత్తాను, అబద్ధమెందుకు. ఎత్తిన చెయ్యి చూసి అది కళ్లు కూడా ఆర్పలేదు. నేనే చెయ్యి దించి పక్కన కూర్చున్నాను.

"ఎందుకు సంపినవే బిడ్డా?"

"ఒర్లుతున్నయి."

"ఒర్లితే ఏమైతది?"

"అయ్య లేస్తడు."

"లేస్తే?"

అది తన చిన్న అరచేతిని తీసుకుని, తన నోరూ ముక్కూ రెండూ గట్టిగా మూసుకుని చూపించింది. ముఖం కందిపోయేదాకా తియ్యలేదు. నేనే లాగేశాను.

నేను చాలా చావులు చూసినదాన్ని. ఆరోజు మాత్రం పొయ్యి ముందు కూర్చుని బోరుమని ఏడ్చాను. అది నన్ను వింతగా చూసింది. తర్వాత తలుపువైపు చూసింది, చాలాసేపు చూసింది. ఎవరూ రాలేదు.

ఈ పిల్లకు ఒర్లడం నేర్పాలి, గొంతెత్తి ఏడవడం నేర్పాలి అనుకున్నాను. ఎట్లా నేర్పడం? నవ్వు నేర్పవచ్చు, పాట నేర్పవచ్చు, ఒర్లుడు నేర్పే బడి ఎక్కడుంది? అదృష్టం చూడండి, ఆ చలికాలమే పటేలమ్మ గోపమ్మ కబురు పంపింది, జొన్నచేను కంకి పట్టింది, కావలికి మనిషి కావాలని. ఆమె ముగ్గురు బిడ్డలూ నా చేతుల మీద పుట్టినవాళ్లే. "నేనూ నా బిడ్డా వస్తం" అన్నాను. ఎవరి బిడ్డ అని ఆమె అడగలేదు. మంచిది ఆ తల్లి.

సడకు పక్కనే చేను. నడుమ నాలుగు గుంజల మీద మంచె. తెల్లారినప్పటి నుంచి పొద్దు గూకేదాకా మంచెమీద నిలబడి ఒడిసెలతో రాళ్లు విసురుతూ, డబ్బా కొడుతూ, గొంతు చించుకుని అరవాలి. అరవకపోతే చిలకలూ పిచ్చుకలూ గింజ మిగల్చవు. లోకంలో అరిచినందుకు కూలి ఇచ్చే పని అదొక్కటే. నాకు ఆ పని ఎంత సుఖంగా ఉండేదో చెప్పలేను. శాంతయ్యను తిట్టాలనుకున్నవన్నీ పిట్టలను తిట్టేసేదాన్ని.

విమల మొదట నా కొంగు పట్టుకుని చెవులు మూసుకుంది. తర్వాత పెదాలు కదిపింది. "పో" అంది, నాకే వినిపించలేదు.

"ఏందే, పిట్టల చెవుల పెండ్లి ముచ్చట చెప్తున్నవా? జర గట్టిగ అను!"

"పో."

"గంతేనా! చిలకలు నవ్వుతున్నయి సూడు నిన్ను జూసి."

అట్లా కొన్నాళ్లు. మధ్యాహ్నం మంచె కింద పచ్చికంకులు కాల్చి, నలిపి, ఊచబియ్యం చేసి బెల్లంముక్కతో పెట్టేదాన్ని. చేతులూ మూతీ మసి చేసుకుని తినేది. ఒకరోజు ఒక చిలక దాని చేతిలో కంకి దాకా వచ్చి తన్నుకుపోయింది. అంతే, దానికి ఒళ్లు మండింది. లేచి నిలబడి, కడుపులో ఎన్నాళ్ల నుంచి దాచుకుందో, "ఓయ్! పోతవా లేదా!" అని ఒక్క కేక పెట్టింది. చేవెళ్ల పోయే బస్సు డ్రైవరు తల బయటపెట్టి చూశాడు. నేను పడీ పడీ నవ్వాను. నన్ను చూసి అదీ నవ్వింది. ముందు పండ్లు రెండు అప్పుడే ఊడిపోయి ఉన్నాయి. ఎంత ముద్దొచ్చిందో నా తల్లి!

ఇక చూడాలి దాని గొంతు. ఇంటికొచ్చినా అరుపే. జారిపడితే ఏడుపు, రొట్టె మాడితే ఏడుపు, మేక పొడిస్తే వాడంతా వినేట్టు ఏడుపు. "ఏం పెంచుతున్నవే తల్లీ, చెవులు పోతున్నయి" అని పక్కింటివాళ్లు అంటే, "పోనీయండి, ఇనపడకుంటే ఫికర్ లేదు గద" అనేదాన్ని. ఆ ఏడుపు నాకు కీర్తనలాగా ఉండేది. మళ్లీ ఒక్క కోడిపిల్లనూ అది ముట్టలేదు. మా మేక ఈనితే ఆ పిల్లను ఒళ్లో పడుకోబెట్టుకుని, అది అరిస్తే తనూ అరిచేది.

మంచి రోజులు ఎవరి కంట పడ్డాయో గానీ, శాంతయ్య ఒకసారి చేను పక్కనుంచి పోతూ పిల్ల అరుపు విన్నాడు. "రాండ్రి, ఒక్కొక్కని మెడ ఇరుస్త! సంపుత!" అని అది పిట్టలను తిడుతోంది. ఎక్కడ నేర్చుకుందంటే నా దగ్గరే. మంచెమీద నిలబడ్డ ప్రతి మనిషీ అదే అంటాడు, ఆ శాంతయ్య కూడా చిన్నప్పుడు ఇంతకన్నా ఘోరంగా అన్నవాడే. కానీ భిక్షపతి బిడ్డ నోట అనేసరికి ఆయన గుండె జారిపోయింది. కోడలికి నెలలు నిండాయి. కాన్పుకు నేను రావాలి, నా వెంట ఈ పిల్ల వస్తుంది. ఆయన భయం ఆయనది.

సాయంత్రం నలుగురిని వెంటబెట్టుకుని నా గుడిసెకు వచ్చాడు.

"కరుణమ్మా, పిల్ల మంచికే చెప్తున్న. అయ్య రక్తం దీన్ల ఉన్నది. ఇప్పుడే దించాలె. మొక్కై వంగనిది మానై వంగుతదా? ఆదివారం ప్రార్థనకు ముందు సాయమ్మ వచ్చి వాత వెడ్తది."

"వాత వెట్టి ప్రార్థన చేస్తరా! దేవుడు సిగ్గుతోని బయటికి పోతడు. కొండనాల్కకు మందేస్తే ఉన్న నాల్క ఊడిందట. భిక్షపతికి పెట్టిన వాతలు సాలలేదా మీకు?"

"సాలలే" అన్నాడు శాంతయ్య. ఎగతాళికి కాదు, నిజంగానే అన్నాడు. "ఇంకిన్ని వెట్టి ఉంటె వాడు గట్లయితుండెనా?"

ఒప్పుకోకపోతే పౌలు దగ్గరికి పంపిస్తామన్నారు. పౌలు దాని రక్తసంబంధం, నేను ఎవరిని? బొడ్డు కోసినదాన్ని. ఎక్కడ చెప్పుకున్నా నా మాట నిలవదు. వాతా, గుంజా, రెండిట్లో ఒకటి ఎంచుకోమన్నారు. ఊరంతా ఒక దారి అయితే ఉలిపికట్టెది ఒక దారి అని వెళ్తూ వెళ్తూ నన్ను నాలుగు మాటలూ అన్నారు.

ఆదివారం పొద్దున్నే సాయమ్మ వచ్చింది. నడుము వంగిపోయింది, కళ్లు సరిగ్గా ఆనవు, చెయ్యి మాత్రం వణకదు. నా వాకిట్లోనే పిడకలు రాజేసి కొడవలి మొన అందులో పెట్టింది. శాంతయ్య తెల్లటి అంగీ వేసుకుని నిలబడ్డాడు. వాడంతా చేరింది. విమల నా కాళ్లను కరుచుకుని ఉంది. ఏం జరుగుతుందో దానికి తెలుసు. అరవడం నేర్చిన పిల్ల మళ్లీ రాయిలా బిగుసుకుపోయింది. ఇన్నాళ్లు మంచెమీద గొంతు పగలగొట్టుకున్నదంతా ఈ ఒక్క నిమిషంలో బూడిదైపోతుందని అర్థమైంది.

నేను ముందుకు జరిగి చెయ్యి చాపాను.

"సాయవ్వా, మొదలు నాకు వెట్టు."

"నీకెందుకే?"

"మందే గద? నాకు కోపం రోగం ఉన్నది, ఊరందరికి తెల్సు. నాకు నయమైతే పిల్లకు వెడ్దువు."

ఎవరో నవ్వారు. సాయమ్మకు రోషం వచ్చింది. ఆమె పనిని ఆటపట్టిస్తే ఊరుకోదు. నా మణికట్టు పట్టుకుని మొన ఆనించింది. నేను అరవకూడదు, అరవకుండా నిలబడి వీళ్లకు బుద్ధి చెప్పాలి అనుకున్నాను. ఎక్కడి బుద్ధి! మొయినాబాద్ దాకా వినబడేట్టు కేక పెట్టాను. మంత్రసానిని, ఎందరు ఆడవాళ్లను "ఓర్సుకో అవ్వా" అన్నానో, ఆ కాలడం ముందు నా ఓర్పు ఏపాటిది!

ఏం జరిగిందో చూసేలోపల విమల ఎగిరి సాయమ్మ ముంజేతిని కొరికేసింది. కొడవలి దూరంగా పడింది. పిల్ల వదలలేదు. శాంతయ్య లాగబోతే ఆయన్నీ ఎడమకాలితో తన్నింది. చివరికి నేనే దవడ నొక్కి విడిపిస్తే, "మా అవ్వను కాలుస్తవా! ముట్టకు మా అవ్వను!" అని ఆకాశం పగిలేట్టు ఏడ్చింది. మూతికి రక్తం.

"సూసినరా!" అన్నాడు శాంతయ్య. "రక్తం సూసినరా? నేను చెప్పలే? పట్టుండ్రి దాన్ని!"

ఇద్దరు ముందుకొచ్చారు. నేను పిల్లను కొంగులో చుట్టేసి నేలమీద కూలబడ్డాను. ఇక అయిపోయింది అనుకున్నాను. ఏడ్చాను, బతిమాలాను, ఆ మాటలేవీ ఇప్పుడు నాకు గుర్తు లేవు.

"ఆగుండ్రి" అంది సాయమ్మ.

ఆమె తన చెయ్యిని కళ్లకు దగ్గరగా పెట్టుకుని పంటిగాట్లు చూసుకుంటోంది. ముందు పండ్లు లేని చోట ఖాళీ కూడా స్పష్టంగా పడింది.

"దీని అయ్యకు ఎన్ని వెట్టిన్నో నాకు లెక్క లేదు" అంది. "వాడు ఒక్కపారి ఒర్లలే. కొరకలే. నా మొకం దిక్కే సూసుకుంట పండుకుంటుండె. మంచి పోరడు, ఎంత ఓర్పు అనుకుంటుంటి నేను. ఇంటికి పోయి బువ్వ తింటుంటి."

ఆమె శాంతయ్య వైపు తిరిగింది.

"ఆ పోరనికి నా చెయ్యి కొరికేటోడు ఎవడు లేకుండె, శాంతయ్యా. కొరకాల్నని వానికి గూడ తెల్వదు. గీ పిల్లకు తెల్సింది." ఆమె కొంగుతో చెయ్యి తుడుచుకుంది. "వాడు గట్ల ఎట్లయిండో సూడాల్నంటె పిల్లను సూడకు. నన్ను సూడు."

శాంతయ్య ఆమెను చూశాడు. తర్వాత నావైపు చూశాడు. మొలతాడు దగ్గర తాళంచెవి తడుముకుని, ప్రార్థనకు వేళైందని మెల్లగా వెళ్లిపోయాడు. ఆయన వెనకే ఒక్కొక్కరూ కదిలారు. సాయమ్మ మాత్రం కదలలేదు. నా వాకిట్లోనే కూర్చుని, అలవాటులేని పని చేస్తున్నట్టు తడబడుతూ, విమలను దగ్గరికి రమ్మని చెయ్యి చాపింది. అది రాలేదు. నా ఒళ్లోనే కూర్చుని ఆమెను గుర్రుగా చూస్తూ, గట్టిగా, ఇంకా గట్టిగా ఏడుస్తూనే ఉంది. ఊరుకోమని నేను అనలేదు.